ఆరంభశూరులూ, కాలి ఎముకలూ

తెలుగువారిని ఆరంభశూరులనడం పాతమాట. ఏ పనినైనా తప్పెటలు మ్రోగించి మొదలుపెడతారనీ, మూడునాళ్ళ ముచ్చటగా ముగిస్తారనీ ఆ నిందకు అర్థం. ఇతర విషయాలలో ఇది ఎంత నిజమో ఏమోగాని, ఒళ్ళు తగ్గించుకోవడానికి వ్యాయామం ప్రారంభించి మధ్యలో మానుకొనే వారిపై మాత్రం ఈ నిందను తొందరపడి మోపరాదు. ఏలనగా వారిలో ఎందరినో ఆపివేసేది మనస్సులోని దౌర్బల్యం కాదు. మోకాలికీ చీలమండకూ నడుమ పుట్టే ఒక నొప్పి.

ఆ కథ సాధారణంగా ఒకే తీరున నడుస్తుంది. రక్తపరీక్ష కాగితం చూసిన వైద్యుడు బరువు తగ్గవలెనని హెచ్చరిస్తాడు. మరునాడే తెల్లవారుజామున క్రొత్త బూట్లతో పరుగు మొదలవుతుంది. క్రొత్త బిచ్చగాడు ప్రొద్దెరుగడన్నట్లు, మైదానం చుట్టూ ఎన్ని చుట్లు తిరిగినా తృప్తి ఉండదు. మొదటివారం ఆయాసం. రెండవవారానికి ఆయాసం తగ్గుతుంది. ఇంకేమి, దేహం దారికి వచ్చినదన్న నమ్మకంతో మరి నాలుగు చుట్లు పెరుగుతాయి. మూడవవారమో నాలుగవవారమో కాలి లోపలి అంచున సన్నని సలుపు కనిపిస్తుంది. మొదట పరుగు ఆరంభంలోనే ఉండి, ఒళ్ళు వేడెక్కగానే మాయమవుతుంది. పిమ్మట పరుగు పూర్తి అయిన తరువాత కూడా నిలుస్తుంది. చివరకు మెట్లు దిగుతున్నప్పుడు, తరగతిలో నిలబడి పాఠం చెబుతున్నప్పుడు సైతం వేధిస్తుంది.

ఆ స్థితిలో కొందరు పళ్ళు బిగించి పరుగు సాగిస్తారు. మరికొందరు బూట్లను అటకమీద పెట్టి, తమకు పట్టుదల లేదని తమనే నిందించుకొంటారు. మొదటివారు ఎముకకు హాని చేసుకొంటారు. రెండవవారికి బరువూ తగ్గదు, ఆ బరువుతో వచ్చిన మధుమేహమూ రక్తపుపోటూ తగ్గవు. పైగా మరొకసారి ప్రయత్నించే ధైర్యం కూడా సన్నగిల్లుతుంది. ఈ ఇద్దరికీ తెలియనిది ఒక్కటే: దేహంలోని అవయవాలన్నీ ఒకే వేగంతో బలపడవు.

ఈ నొప్పిని ఆటగాళ్ళూ వ్యాయామోపాధ్యాయులూ షిన్ స్ప్లింట్స్ అని వ్యవహరిస్తారు. వైద్యులు మీడియల్ టిబియల్ స్ట్రెస్ సిండ్రోమ్ అంటారు. టిబియా అనగా జీవశాస్త్ర పుస్తకంలో విద్యార్థులు చదువుకొనే అంతర్జంఘిక. మోకాలి క్రింద రెండు ఎముకలున్నవి. వెలుపలిది సన్ననిది, బహిర్జంఘిక. లోపలిది లావైనది, దేహభారంలో అధికభాగాన్ని మోసేది, అంతర్జంఘిక. దీని ముందుభాగమూ లోపలి అంచూ చర్మం క్రిందనే ఉండడం వలన చేతితో తడిమి గుర్తించవచ్చును. ఆ లోపలి అంచు వెంట, క్రింది మూడింట రెండువంతుల భాగంలో, రెండంగుళాలకు మించిన పొడవున నొక్కితే బాధ కలగడం ఈ జబ్బుకు ముఖ్యలక్షణం.

ఎముకను కప్పి ఉండే పలుచని పొరను కండరాలు పదే పదే లాగడమే దీనికి కారణమని పూర్వం ఎక్కువగా భావించేవారు. ఎముకే తన శక్తికి మించిన శ్రమకు లోనుకావడం ప్రధానకారణమని నేటి వైద్యులలో అధికసంఖ్యాకుల అభిప్రాయం. ఆ శ్రమ ఎంతటిదో చిన్న లెక్కతో తెలుసుకొనవచ్చును. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగులోనూ నేలను తాకిన కాలిపై దేహపు బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. మనిషి బరువు 80 కిలోలైతే ఆ భారం 160 నుండి 240 కిలోలన్నమాట. కిలోమీటరు పరుగులో సుమారు 1,000 అడుగులు పడతాయి. అనగా ఒక్కొక్క కాలికి 500 దెబ్బలు. మూడు కిలోమీటర్లు పరుగెత్తితే ఒక్కొక్క కాలు 1,500 పర్యాయాలు ఆ దెబ్బను భరిస్తుంది. ప్రతి దెబ్బకూ ఎముక, గాలికి వెదురుగడ వలె, కంటికి కనరానంత స్వల్పంగా వంగి మళ్ళీ నిటారవుతుంది. పిక్క కండరాలు చురుకుగా ఉన్నంతవరకు అవి ఆ వంపును కొంత అదుపులో ఉంచుతాయి. అవి అలసినప్పుడు ఎముకపై భారం పెరుగుతుంది.

ఇక్కడొక విపరీతమున్నది. వ్యాయామం ఎవరికి ఎక్కువ అవసరమో, పరుగులో ఎముకపై అధికభారం పడేదీ వారికే. శరీరపు బరువు అధికంగా ఉండడం ఈ నొప్పికి కారణాలలో ఒకటిగా పరిశోధకులు గుర్తించారు. పరుగులో అనుభవం లేకపోవడం, లోగడ ఒకసారి ఇదే నొప్పి వచ్చి ఉండడం, అడుగు మోపినప్పుడు పాదపు వంపు ఎక్కువగా అణగిపోవడం కూడా అట్టివే. పురుషులకంటె స్త్రీలకు ఇది ఎక్కువగా వస్తుంది. ఇన్ని కారణాలు కలిసిన చోట పట్టుదలను నిందించి ప్రయోజనమేమి?

ఎముక అనగానే రాయివంటి నిర్జీవవస్తువని తోస్తుంది. వాస్తవానికి అది నిత్యం కూలుతూ నిత్యం కట్టబడుతూ ఉండే సజీవ నిర్మాణం. మోసే భారాన్ని అనుసరించి ఎముక తన లోపలి అమరికను మార్చుకొంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లో ప్రకటించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఆ మార్పు జరిగే క్రమం పాతగోడను మరమ్మతు చేయడం వంటిది. మరమ్మతు చేసేవాడు ముందుగా శిథిలమైన ఇటుకలను ఊడదీస్తాడు. ఆ తరువాతనే క్రొత్త ఇటుకలు పేరుస్తాడు. ఎముకలోనూ అంతే. ఆస్టియోక్లాస్టులనే కణాలు శ్రమకు లోనైన భాగాన్ని తొలిచివేస్తాయి. పిమ్మట ఆస్టియోబ్లాస్టులనే కణాలు ఆ స్థలాన్ని పూరిస్తాయి. తొలిచే పని కొద్ది వారాలలో ముగుస్తుంది. పూరించి గట్టిపరచే పనికి నెలలు పడతాయి. ఈ రెంటి నడుమ ఇటుకలూడిన గోడ వలె ఎముక ఆ చోట మునుపటికంటె బలహీనంగా ఉంటుంది.

క్రొత్తగా పరుగు మొదలుపెట్టినవాడికి మూడవ నాలుగవ వారాలు గండంగా పరిణమించడంలోని రహస్యమిదే. ఊపిరితిత్తులూ గుండే కండరాలూ కొద్ది వారాలలోనే మెరుగుపడి, ఇంకా పరుగెత్తవచ్చునని చెబుతాయి. ఎముక మాత్రం అప్పుడే పాత ఇటుకలు ఊడదీసే పనిలో ఉంటుంది. ఆయాసం తగ్గినంత మాత్రాన కాలు సిద్ధమైనదనుకోవడం పొరపాటు.

ఈ పాఠాన్ని ముందుగా నేర్చినవి సైన్యాలు. దీర్ఘమైన కవాతుల తరువాత సైనికుల పాదాలలో పుట్టే నొప్పిని, వాపును గురించి ప్రష్యా సైన్యపు వైద్యుడు బ్రైత్‌హాప్ట్ 1855లో వర్ణించాడు. అప్పటికి లోపలి ఎముకను చూసే సాధనం లేదు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న పిమ్మట, 1897లో స్టెకోవ్ అనే వైద్యుడు ఆ కిరణాల సహాయంతో ఆ పాదాలలోని ఎముకలు చిట్లి ఉన్నట్లు చూపాడు. ఏ దెబ్బా తగలకుండానే, కేవలం అడుగుమీద అడుగు వేయడం వలననే ఎముక చిట్లగలదని అప్పుడు రుజువైనది. షిన్ స్ప్లింట్స్ నొప్పి అంతటి ప్రమాదం కాదు. కాని దానిని లక్ష్యపెట్టక పరుగు సాగిస్తే చేరగల చోటు అదే.

అయితే నొప్పి పుట్టినప్పుడు చేయవలసినదేమి? అమెరికా నౌకాదళ విద్యాలయంలో క్రొత్తగా చేరిన 2,500కు పైగా యువకులపై జరిగిన ఒక పరిశీలన 1974లో వెలువడింది. మడమ క్రింద మెత్త పెట్టుకోవడం, పిక్కలను సాగదీయడం, క్రమంగా పరుగు పెంచడం వంటి ఉపాయాలను ముందుజాగ్రత్తగా వారిచే చేయించి చూశారు. ఏ ఒక్కటీ నొప్పిని నిశ్చయంగా నివారించలేదు. వచ్చిన నొప్పిని మాన్పడంలో విశ్రాంతిని మించిన చికిత్స కనిపించలేదు. ఆ తరువాత ఎన్నో క్రొత్త చికిత్సలు వచ్చినా, ఎముకపై భారం తగ్గించడమన్న మూలసూత్రం మారలేదు.

విశ్రాంతి అనగా మంచం పట్టడమని అర్థం కాదు. పరుగునూ గంతులనూ కనీసం రెండు మూడు వారాలు మానవలెను. నొప్పి లేకుండా నడవగలిగినంత దూరం నడవవచ్చును. సైకిలు తొక్కడం, ఈదడం, నడుములోతు నీటిలో నడవడం వలన ఎముకపై దెబ్బ పడకుండానే గుండెకు వ్యాయామం కలుగుతుంది. మంచుగడ్డను గుడ్డలో చుట్టి నొప్పి ఉన్నచోట పది పదిహేను నిమిషాలు అద్దితే బాధ కొంత శమిస్తుంది. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారు మాత్రం వైద్యుని అడగనిదే ఈ పని చేయరాదు. నొప్పి మాత్ర మ్రింగి పరుగుకు వెళ్ళడం అన్నింటికంటె చెడ్డ అలవాటు. మాత్ర నొప్పిని కప్పుతుందిగాని ఎముకను బాగుచేయదు. కావలివాడి నోరు కట్టి ఇంటికి భద్రత కలిగినదనుకోవడం వంటిదే అది.

బాధ ఉపశమించిన పిమ్మట పిక్కలకు బలం చేకూర్చవలెను. గోడకు చేతులానించి, మడమలెత్తి మునివేళ్ళపై నిలిచి, మెల్లగా దించడం ఇందుకు తగిన తేలిక వ్యాయామం. మొదట పది పన్నెండు సార్లు చేసి, కాలు ఒప్పుకొన్న కొద్దీ పెంచవచ్చును. పరుగులో పెద్ద పెద్ద అంగలకు బదులు చిన్న అడుగులు త్వరత్వరగా వేస్తే ఒక్కొక్క అడుగులో కాలిపై పడే భారం తగ్గుతుంది. అరిగిపోయిన బూట్లను మార్చవలెను. పాదానికి సరిపోని క్రొత్త బూట్లు కొనడమూ మంచిది కాదు.

ఈ జాగ్రత్తలన్నీ ఉన్నా, కొన్ని గుర్తులు కనిపించినప్పుడు ఇంటివైద్యం ఆపి వైద్యుని వద్దకు వెళ్ళవలసిందే. నొప్పి అంచు వెంట వ్యాపించక, వ్రేలికొనతో చూపగల ఒక్కచోటనే తీవ్రంగా ఉండడం, రాత్రి నిద్రలో సైతం బాధించడం, ఒంటికాలిపై గెంతలేకపోవడం ఎముక చిట్లినదేమోనన్న అనుమానానికి తావిస్తాయి. పరుగెత్తుతుండగా కాలు బిగుసుకొని పాదం తిమ్మిరి ఎక్కడం కండరాలలోని ఒత్తిడికి సంబంధించిన వేరొక జబ్బు కావచ్చును. ఒక పిక్క మాత్రమే వాచి వెచ్చబడి ఎర్రబడితే రక్తనాళంలో గడ్డ కట్టినదేమో పరీక్ష చేయించవలెను. అందులో ఆలస్యం ప్రాణానికే ముప్పు.

రెండు మూడు వారాలు పరుగు ఆగితే శ్రమపడి తగ్గించుకొన్న బరువంతా తిరిగి వస్తుందని భయపడేవారున్నారు. ఈ భయానికి కూడా లెక్కయే సమాధానం. 80 కిలోల మనిషి కిలోమీటరు పరుగెత్తితే సుమారు 80 కేలరీలు ఖర్చవుతాయి. రోజుకు మూడు కిలోమీటర్లకు 240. రెండు వారాలకు 3,360. దేహంలోని కిలో కొవ్వు సుమారు 7,700 కేలరీలకు సమానం. కనుక రెండు వారాల విశ్రాంతి వలన కలిగే నష్టం అరకిలోకంటె తక్కువే. ఆ నష్టాన్ని నడకతోనూ, అన్నపురాశిని కొంచెం తగ్గించడంతోనూ, సాయంకాలపు బజ్జీలనూ చక్కెర టీనీ మానడంతోనూ పూడ్చుకొనవచ్చును. కాలు చిట్లితే ఆగవలసినది వారాలు కాదు, నెలలు. పరుగెత్తి పాలు త్రాగేకంటె నిలబడి నీళ్ళు త్రాగడం మేలన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఇదే లెక్క మరొక సత్యాన్ని కూడా చెబుతుంది. కిలో కొవ్వు కరగడానికి రోజుకు మూడు కిలోమీటర్ల వంతున నెల రోజులు పరుగెత్తవలసి వస్తున్నప్పుడు, పరుగు ఒక్కదానినే నమ్ముకొని బరువు తగ్గాలనుకోవడం వివేకం కాదు. బరువు తగ్గడంలో భోజనానిది పెద్దపాలు. వ్యాయామానిది గుండెను, రక్తనాళాలను, మనస్సును కాపాడే పని. తగ్గిన బరువును తిరిగి రానీయని పని. ఆ పనికి పరుగే అక్కరలేదు. లండన్ నగరపు రెండంతస్తుల బస్సులలో కూర్చుండి నడిపే డ్రైవర్లకంటె, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తున్నదని జెర్రీ మోరిస్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ 1953లో ప్రకటించారు. ఆ కండక్టర్లు పరుగుపందెగాళ్ళు కారు. తమ ఉద్యోగం తాము చేసుకొన్నవారు. వయోజనులకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థమైన శ్రమ చాలునని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. వడిగా నడవడం ఆ శ్రమలో చేరుతుంది. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడిస్తే 150 నిమిషాలు పూర్తి అవుతాయి.

కనుక బరువు అధికంగా ఉన్నవారు నడకతో ఆరంభించడమే న్యాయం. మొదటి నెలంతా నడకే చాలును. ఆ తరువాత పరుగు మీద మక్కువ ఉంటే, నాలుగు నిమిషాల నడక నడుమ ఒక్క నిమిషం మెల్లని పరుగు చేర్చి, దినం విడిచి దినం సాగించవచ్చును. పరుగెత్తుతూ ప్రక్కవారితో మాట్లాడగలిగినంత వేగమే సరియైన వేగం.

వారానికి ఇంత శాతం చొప్పున పెంచితే ఎవరికీ ఏ బాధా కలగదని కొందరు పట్టికలు చూపుతుంటారు. ఆ పట్టికలను కూడా గుడ్డిగా నమ్మరాదు. హాలెండు దేశంలోని గ్రోనింగెన్ నగరంలో పరుగు క్రొత్తగా నేర్చుకొనే వారిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు 8 వారాల మామూలు పద్ధతినీ, మరొక జట్టుకు వారానికి పదవ వంతు మాత్రమే పెంచే 13 వారాల పద్ధతినీ ఇచ్చి చూశారు. 2008లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం రెండు జట్లలోనూ ప్రతి ఐదుగురిలో ఒకరు గాయపడ్డారు. నిదానం అనవసరమని దీని అర్థం కాదు. ఒకే నిదానం అందరికీ సరిపోదని మాత్రమే అర్థం. ఒకరి ఎముక మూడు నెలలలో సిద్ధమైతే మరొకరిది ఆరు నెలలు కోరవచ్చును. అందుచేత పట్టికకంటె తన కాలు చెప్పే మాటనే ప్రమాణంగా గ్రహించవలెను. పరుగెత్తేటప్పుడూ, ఆ సాయంకాలమూ, మరునాటి ఉదయం మంచం దిగేటప్పుడూ నొప్పి లేకుండా వారం గడిస్తే, వచ్చేవారం ఒక అడుగు ముందుకు వేయవచ్చును. సలుపు కనిపిస్తే ఒక అడుగు వెనుకకు వేయవలెను.

ఈ విషయం పెద్దలకే కాదు, బడిపిల్లలకూ సంబంధించినది. ఐదేండ్ల నుండి పదిహేడేండ్ల వయస్సు వారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ అవసరమని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అయితే ఏడాది పొడవునా బల్లలకు అంటిపెట్టుకొని చదివించి, క్రీడోత్సవం దగ్గర పడగానే పదిహేను రోజులు విడువక పరుగెత్తించే పాఠశాలలు లేకపోలేదు. పోలీసు ఉద్యోగపు పరుగు పరీక్షకు ప్రకటన వెలువడిన తరువాతనే మైదానంలో అడుగుపెట్టే యువతీయువకుల స్థితి కూడా ఇంతే. ఉద్యోగప్రకటనకూ పరీక్షకూ నడుమ గల వ్యవధిని ప్రభుత్వం నిర్ణయించవచ్చును; ఎముక గట్టిపడే వ్యవధిని ఏ ప్రభుత్వమూ నిర్ణయించలేదు.

మరొక సంగతి ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించదగినది. వ్యాయామపు గంటలో లావుగా ఉన్న పిల్లవాడు అందరికంటె వెనుకబడతాడు. తోటివారు నవ్వుతారు. వాడు కాలు నొప్పి అంటే అది సాకుగా వినిపిస్తుంది. కాని పైన చెప్పిన లెక్క ప్రకారం, 30 కిలోల పిల్లవాడి కాలిపై పడే భారానికి 60 కిలోల పిల్లవాడి కాలిపై పడేది ఇంచుమించు రెట్టింపు. ఇద్దరూ ఒకే చుట్టు తిరిగినా ఇద్దరూ ఒకే పని చేసినట్లు కాదు. వానికి మూడు చుట్ల పరుగు బదులు ఒక చుట్టు నడక ఇవ్వడం దయతలచి ఇచ్చే మినహాయింపు కాదు, న్యాయమైన పంపకం. నొప్పి ఎక్కడ ఉన్నదో వానినే చూపమని అడిగి, రెండు వారాలు సైకిలునో నడకనో అప్పగించి, మూడవవారం మళ్ళీ పిలిచే ఉపాధ్యాయుడు వానికి వ్యాయామం మీద జీవితాంతం నిలిచే ఇష్టం కలిగించగలడు. నవ్వులపాలు చేసి పరుగెత్తించిన వాడు, బడి విడిచిన నాడే మైదానాన్నీ విడిచిపెడతాడు.

హైదరాబాదు కే.బీ.ఆర్. ఉద్యానవనపు చుట్టుబాటలోనైనా, విశాఖ సముద్రతీరంలోనైనా, పల్లెలోని చెరువుకట్ట మీదనైనా తెల్లవారుజామున నడిచేవారిని పరికిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ఏండ్ల తరబడి మానక వచ్చేవారిలో మెల్లగా నడిచేవారే ఎక్కువ. వారిని చూసి ఎవరూ శూరులని చప్పట్లు కొట్టరు. అయినా ఎండకాలం పోయి వానకాలం వచ్చినా వారు అదే బాటలో కనిపిస్తారు. నొప్పితో ఆగిపోయినవారు తమను తాము నిందించుకోవడం మాని, కాలు నిమ్మళించిన తరువాత ఆ బాటకే తిరిగి రావచ్చును. ఈసారి ఎముకను కూడా వెంటబెట్టుకొని.